ఇన్నోడీబీని బట్టీ పట్టకు

శ్రావణీ,

అమీర్‌పేటలో క్లాసులు బాగానే ఉన్నాయి గానీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని స్టోరేజ్ ఇంజిన్లు బుర్రకెక్కడం లేదన్నావట, మీ అమ్మ చెప్పింది. నోట్సులో ఇచ్చిన ఇన్నోడీబీ, మైఐసామ్ ఇంజిన్ల తేడాల పట్టికను మాత్రం బట్టీ పట్టకు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

నువ్వు రాసిన క్వెరీని అర్థం చేసుకుని, ఏ దారిన వెతకాలో తేల్చేది మైఎస్‌క్యూఎల్ పై భాగం. రికార్డును డిస్కులో పెట్టడం, తియ్యడం, లాక్ వెయ్యడం (ఒకరు మారుస్తుంటే ఇంకొకరు ముట్టుకోకుండా ఆపడం) కింద ఉన్న ఇంజిన్ పని. టేబుల్‌కో ఇంజిన్ పెట్టుకోవచ్చు. 5.5 నుంచి డిఫాల్ట్ ఇన్నోడీబీ, అంతకుముందు మైఐసామ్.

ఇవాళ రాత్రే హాస్టల్లో ఒకేలాంటి టేబుళ్లు రెండు చెయ్యి, ఒక్కో ఇంజిన్‌తో ఒకటి. ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ జరగని మార్పుల కట్ట) మొదలుపెట్టి, రెండింట్లోనూ ఒక్కో రికార్డు వేసి, రోల్‌బ్యాక్ కొట్టు, అంటే చేసింది వెనక్కి తీసుకో. ఇన్నోడీబీలో వేసింది పోతుంది. మైఐసామ్‌లో కదలకుండా కూర్చుంటుంది, ఓ వార్నింగ్ వస్తుందంతే.

తర్వాత ఇన్నోడీబీ టేబుల్లో కొన్ని రికార్డులు వేసి, ఐడీని ప్రైమరీ కీగా (ప్రతి రికార్డునీ విడిగా గుర్తించే కాలమ్‌గా) పెట్టి, దాన్నే రెండు విండోల్లో తెరువు. మొదటిదాంట్లో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి ఐడీ 1ని అప్‌డేట్ చేసి, కమిట్ చెయ్యకుండా (మార్పును ఖాయం చెయ్యకుండా) వదిలెయ్. రెండోదాంట్లో ఐడీ 2 వెంటనే మారుతుంది. ఐడీ 1ని ముట్టుకుంటే ఆగిపోయి, సెట్టింగ్ మార్చకపోతే 50 సెకన్లకి ఎర్రర్ ఇస్తుంది. ఇక్కడిదాకా మీ సారూ చెప్పే ఉంటారు. ఇప్పుడు రెండు విండోల్లోనూ రోల్‌బ్యాక్ చేసి, మొదటిదాంట్లో మళ్లీ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే పట్టీ) లేని ఊరు కాలమ్‌తో వరంగల్ వాళ్లని అప్‌డేట్ చెయ్యి, కమిట్ చెయ్యకు. రెండోదాంట్లో నల్గొండ రికార్డు కూడా ఇరుక్కుపోతుంది! డిఫాల్ట్ ఐసొలేషన్‌లో (ట్రాన్సాక్షన్లు ఒకదానికొకటి ఎంత అడ్డుపడకుండా ఉండాలన్న సెట్టింగ్) ఇన్నోడీబీ వెతుకుతూ దాటిన ప్రతి రికార్డుకీ లాక్ వేస్తుంది. ఇండెక్స్ లేకపోతే టేబులంతా దాటాల్సిందే కదా. నోట్సులో రాసుకున్న రో లెవల్ లాకింగ్ (టేబులంతటికీ కాక రికార్డుకే లాక్) ఇండెక్స్ ఉన్నంతవరకే నీకు పనికొస్తుంది. నేనైతే ఇంటర్వ్యూలో అడిగేది ఇదే.

ప్రైమరీ కీ కూడా జాగ్రత్తగా ఎంచుకో. ఇన్నోడీబీ రికార్డులన్నిటినీ ఆ కీ క్రమంలోనే, మామూలుగా 16 కేబీ పేజీల్లో అమరుస్తుంది. మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ఆ కీ నకలు ఉంటుంది. ఈమెయిల్‌ని కీగా పెట్టావనుకో, ఇండెక్సులన్నీ ఉబ్బుతాయి.

ఇంకా వేరే ఇంజిన్లూ ఉన్నాయి. డేటాని ర్యామ్‌లో ఉంచే మెమరీ ఇంజిన్‌లో సర్వర్ రీస్టార్టయితే టేబుల్ మిగులుతుంది, డేటా పోతుంది. ఆర్కైవ్‌లో అప్‌డేట్, డిలీట్ ఉండవు. వీటికి ఇంతకంటే టైం వద్దు.

ఉద్యోగంలో చేరాక పాత ప్రాజెక్టులో మైఐసామ్ టేబుల్ కనిపిస్తే హడావిడిగా పట్టపగలు మార్చకు. టేబుల్ మొత్తం మళ్లీ తయారవుతుంది, అందాకా రాయబోయినవాళ్లంతా ఆగాల్సిందే.

క్రాష్ రికవరీ (సర్వర్ కూలాక డేటాని సరిచెయ్యడం), రీడూ లాగ్ (అందుకోసం మార్పులను రాసుకునే చిట్టా) మాత్రం ఉత్తరంలో తేలవు. ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఈసీఐఎల్ వచ్చెయ్, సర్వర్‌ని మధ్యలో చంపి చూద్దాం.

మీ మావయ్య