నేర్పిన మనిషే మర్చిపోతుంటే...

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పెళ్లయింది, ఒక పాప. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందే ఉంటాను. మూడేళ్లుగా ఆదివారాలు మాత్రం పాత లారీలు బాగుచేసే కొందరు పెద్దవాళ్లతో గడుపుతున్నాను. అందరూ 65 దాటినవాళ్లే. ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక షెవర్లే మిలిటరీ లారీని నడిచే స్థితికి తెస్తున్నాం. 'నీ ఈడు వాళ్లు దొరకలేదా, ఆ ముసలాళ్లతో సావాసం ఏంటి?' అని నా భార్య, స్నేహితులు అంటున్నారు. నిజానికి నా వయసు వాళ్ల మధ్య నాకు అంత తేలిగ్గా ఉండదు. నాలో ఏమైనా లోపం ఉందా?

ఇంకో విషయం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మాలో అందరికన్నా పెద్దాయనకు 78. నాకు పని నేర్పింది ఆయనే, బాబాయి గారూ అని పిలుస్తాను. ఈ మధ్య చెప్పిందే చెబుతున్నారు, పానా ఎక్కడ పెట్టారో మర్చిపోతున్నారు. పోయిన నెల చక్రం పని చేస్తూ, టైరులో గాలి తీయకుండానే రిమ్ము ఎర్ర నట్ల మీద పానా పెట్టేశారు. 'గాలి తీశామా బాబాయి గారూ?' అని అడిగాను. ఆగిపోయారు. ఏమీ మాట్లాడకుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. మిగతావాళ్లు చూడనట్టే ఊరుకున్నారు. ఆయనతో నేను మాట్లాడాలా? ఏమని మాట్లాడాలి?

జవాబు: మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. అందులో ప్రాణం సంగతి ఉంది, ఒక పెద్దమనిషి పరువు సంగతీ ఉంది. రెండూ కాపాడాల్సినవే, కానీ ప్రాణం ముందు.

లారీల గురించి తెలియని పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఆ కాలపు మిలిటరీ బళ్లలో చాలావాటికి రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కల్ని కలిపి పట్టే నట్లు ఒక వరుస, చక్రాన్ని బండికి బిగించే నట్లు ఇంకో వరుస. మొదటి వరుసకు ఎర్ర రంగు వేసేది టైరులో గాలి ఉండగా వాటి జోలికి పోవద్దని చెప్పడానికే. గాలి ఉండగా వాటిని వదులు చేస్తే రిమ్ము ముక్క ఎగిరొచ్చి మనిషిని చంపగలదు. కాబట్టి ఆ రోజు మీరు నోరు తెరవడం చాలా మంచి పని. తప్పు పట్టినట్టు కాకుండా, ఇద్దరి పనీ అన్నట్టు అడగడం ఇంకా మంచి పని.

ఆయన వెళ్లి కుర్చీలో కూర్చోవడం గురించి ఆలోచించండి. కోపం వచ్చిన మనిషి అలా కూర్చోడు, ఏదో ఒకటి అంటాడు. మతిమరుపు మొదలైనవాళ్లలో చాలామందికి ఆ సంగతి ఇంట్లోవాళ్లకన్నా ముందే తెలుస్తుంది. తెలిసీ దాస్తారు. బయటపడితే బండి తాళాలు తీసేసుకుంటారని, చేతిలో పని లాక్కుంటారని భయం. ఆ రోజు ఆయనకు తన పొరపాటుతో పాటు, నలుగురూ చూశారన్న సంగతి కూడా అర్థమై ఉంటుంది. మిగతావాళ్లు ఊరుకోవడం మర్యాద అనుకుని ఉండొచ్చు. నేను అలా అనుకోను. అందరూ చూసి ఎవరూ మాట్లాడకపోతే ఆ మనిషి ఆ భయంతో ఒంటరిగా మిగిలిపోతాడు.

అందుకే మాట్లాడండి. మీరే మాట్లాడండి. కానీ ఆదివారం షెడ్డులో, నలుగురి ముందు వద్దు. వారం మధ్యలో ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లండి. 'మీకు వయసైపోతోంది' అనొద్దు. మతిమరుపు అనే మాట ముందుగా మీ నోట రానివ్వొద్దు. 'ఆ రోజు నాకు చాలా భయమేసింది బాబాయి గారూ, మీకేమైనా అయ్యుంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ని' అనండి. ఆ తర్వాత ఆగండి. కష్టమైనదల్లా ఇక్కడే, ఆ మౌనాన్ని మీరు నింపేయకూడదు. ఆయనకు చెప్పాలని ఉంటే అప్పుడే చెబుతారు. 'నువ్వా నాకు చెప్పేది!' అని కసురుకున్నా వాదించకండి. 'గాలి తీయందే ముట్టుకోవద్దని నాకు నేర్పింది మీరే' అని ఊరుకోండి. మొదటిసారి కసురుకున్న మనిషి రెండోసారి కాస్త మెత్తబడటం మామూలే.

ఆ తర్వాత డాక్టర్ సంగతి. 78 ఏళ్ల మనిషి మర్చిపోతున్నాడంటే అందరూ ఒకే జబ్బు పేరు ఊహించుకుని నీరుగారిపోతారు. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య, నిద్ర మాత్రలు, ఇంకా కొన్ని మందుల ప్రభావం, దిగులు, సరిగా నిద్ర లేకపోవడం, వీటిలో ఏదైనా మతిమరుపులా కనిపించొచ్చు. చెవి సరిగా వినపడకపోయినా చెప్పింది మర్చిపోయినట్టే ఉంటుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఒకవేళ పెద్ద జబ్బే అయినా త్వరగా తెలిస్తే ఆయన విషయాలు ఆయనే నిర్ణయించుకునే వీలుంటుంది. 'చూపించుకోండి' అని చెప్పి వచ్చేయకుండా, 'నేను సెలవు పెడతాను, కలిసి వెళ్దాం' అనండి. తోడు ఉంటే చాలామంది కాదనరు.

ఈలోపు షెడ్డులో రెండు నియమాలు పెట్టుకోండి. చక్రం పని ఎవరూ ఒంటరిగా చేయకూడదు. వాల్వు పిన్ను తీసి గాలంతా పోయిందని ఒకరు చెప్పాక, రెండోవాళ్లు స్వయంగా చూశాకే పానా పట్టాలి. రెండోది, కింద స్టాండ్లు పెట్టకుండా ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఈ నియమాలు ఆయన ఒక్కరి కోసమని కాకుండా అందరికీ, మీతో సహా వర్తించాలి. ఎంత అనుభవం ఉన్న పైలట్ అయినా ప్రతిసారీ చెక్‌లిస్టు చదవాల్సిందే. అందులో ఆయనకు చిన్నతనం లేదు. వీలైతే ఆ నియమాలు బోర్డు మీద రాసే పని బాబాయి గారికే ఇవ్వండి.

ఒక్కటి మాత్రం చేయకండి. జాగ్రత్త పేరుతో ఆయన్ని కుర్చీకి పరిమితం చేయొద్దు. నిన్న జరిగింది మర్చిపోయే మనిషికి కూడా ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. మీ లారీ గేరు బాక్సులో సింక్రోమెష్, అంటే గేరు పళ్ల వేగాలను తనంతట తానే కలిపే ఏర్పాటు, ఉండదు కాబట్టి గేరు తగ్గించాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి వదలాలి, యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజిన్ వేగం పెంచాలి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. ఎంత యాక్సిలరేటర్ ఇవ్వాలో ఏ పుస్తకమూ చెప్పదు, చెవి చెబుతుంది. పళ్లు కరకరమంటే తప్పినట్టు, చప్పుడు లేకుండా కూర్చుంటే కుదిరినట్టు. ఆ చెవి ఆయనకు ఉంది. మీరు స్టీరింగ్ దగ్గర, ఆయన పక్క సీట్లో కూర్చుని 'ఇప్పుడు' అని చెబుతుంటే మీరు నేర్చుకుంటారు, ఆయన పెద్దరికం ఆయనకు ఉంటుంది. రోడ్డు మీద ఆయన నడపడం మాత్రం డాక్టర్ చూసేదాకా వద్దు. ఈ మాటలో మొహమాటం పడొద్దు.

ఇక మీలో లోపం గురించి. నాకైతే లోపం కనిపించలేదు. మీ వయసు వాళ్ల మధ్య కూర్చుంటే జీతం, ఇల్లు, ప్రమోషన్, పిల్లల స్కూలు, ఎవరు ఎంతవరకు వచ్చారన్న లెక్క చెప్పకుండానే నడుస్తుంటుంది. 70 ఏళ్ల మనిషికి మీతో పోటీ లేదు. లారా కార్‌స్టెన్సన్ అనే మనస్తత్వవేత్త చాలాకాలం పరిశోధించి చెప్పింది ఏమిటంటే, ముందున్న కాలం తక్కువని తెలిసేకొద్దీ మనుషులు పైపై పరిచయాలు తగ్గించుకుని, మనసుకు విలువైన బంధాల మీదే సమయం పెడతారని. అలా చూస్తే, ఆ పెద్దవాళ్లు మీకు ఊరికే చోటివ్వలేదు. పైగా చేతిలో పని ఉంటే మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనిది పక్కపక్కన నిలబడి చెప్పగలుగుతారు. ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన 'మెన్స్ షెడ్స్' ఈ ఆలోచనతోనే పుట్టాయి. రిటైరైన మగవాళ్లు కలిసి ఏదో ఒక చేతిపని చేసుకునే చోట్లు అవి. తర్వాత బ్రిటన్, ఐర్లండ్‌లకూ పాకాయి.

మీకు అనుమానంగా ఉంటే ఒక్కటి చూసుకోండి. ఆదివారం అక్కడ గడిపాక సోమవారం మనుషుల్లోకి వెళ్లడం తేలికవుతోందా, కష్టమవుతోందా? తేలికవుతుంటే ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కష్టమవుతుంటే, షెడ్డులో దాక్కుంటున్నారేమో ఆలోచించాలి.

మీ ఉత్తరంలో నాకు వెలితిగా అనిపించింది వేరే ఉంది. లారీ గురించి వివరంగా రాశారు. బాబాయి గారి ఇంట్లో ఎవరుంటారో, సాయంత్రాలు ఎలా గడుస్తాయో ఒక్క ముక్క లేదు. తెలియక రాయలేదేమో. పెద్దవాళ్లతో స్నేహంలో మనం సులువుగా పడే పొరపాటు ఇది, వాళ్ల దగ్గరున్న విద్య తీసుకుంటాం, కథలు వింటాం, మనిషిని అడగం. మన కష్టం కూడా చెప్పం, పెద్దాయనకెందుకులే అని. చెప్పండి. మీ ఆఫీసు టెన్షన్ ఆయనతో పంచుకోండి, సలహా అడగండి. ఇంకా తన అవసరం ఒకరికి ఉందని తెలియడం ఆ వయసులో మందులా పనిచేస్తుంది.

మీ భార్య మాటకు వస్తే, ఆవిడ కోపం ముసలాళ్ల మీద కాదనుకుంటాను, ఆదివారం మీద. మూడేళ్లుగా మీ సెలవు షెడ్డుదైతే, పాపతో ఆవిడకు సెలవు ఏ రోజు? పాత లారీల గొప్పతనం వివరించడానికి కూర్చోకండి. సగం ఆదివారం ఇంటికి ఇచ్చేయండి, ఆవిడ అడగక ముందే.

చివరిగా బాబాయి గారి పిల్లల సంగతి. ఆయనకు తెలియకుండా వాళ్లకు ఫోన్ చేయకండి. తెలిసిన రోజు మీ మీద నమ్మకం పోతుంది, ఆ తర్వాత మీ మాటా వినరు. 'మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?' అని ఆయన్నే అడిగి కొంత గడువు ఇవ్వండి. అయితే గ్యాస్ కట్టకుండా వదిలేయడం, తెలిసిన దారి తప్పిపోవడం లాంటివి కనిపిస్తే గడువు చూడొద్దు. అదే రోజు వాళ్లకు చెప్పండి. చెప్పానని ఆయనకూ అదే రోజు చెప్పండి.