లిమిటర్ పెంచితే స్ప్రింగ్ ఊరుకుంటుందా?

ప్రశ్న: పాత 1300 సీసీ పెట్రోల్ కారును ట్రాక్ డేల కోసం (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజులు) సిద్ధం చేస్తున్నాను. ఇంజిన్ కంపెనీ ఇచ్చినట్టే ఉంది. రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేసే ఆయన రెవ్ లిమిటర్‌ని, అంటే ఇంజిన్ వేగం దాటకుండా ఆపే హద్దుని, 6,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 7,500కి పెంచుతానంటున్నారు. ‘సాఫ్ట్‌వేరే కదా, పది నిమిషాల పని’ అంటున్నారు. వాల్వులకు ఏమైనా అవుతుందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: నిజమే, పది నిమిషాల పనే. ల్యాప్‌టాప్‌లో ఒక అంకె మార్చాలి, అంతే. అయితే ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) అంకె మారినంత మాత్రాన లోపలున్న వాల్వ్ స్ప్రింగ్ బలం మారదు కదా!

సిలిండర్లోకి గాలి రావడానికి, పొగ పోవడానికి ఉండే తలుపు లాంటిది వాల్వు. దాన్ని తెరవడానికి క్యామ్ (ఇంజిన్‌తో పాటు తిరిగే ఎత్తుపల్లాల కడ్డీ) తోస్తుంది. వాల్వు క్యామ్‌ని అంటిపెట్టుకుని తిరిగి రావాలంటే మాత్రం స్ప్రింగే దిక్కు. 7,500 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 62 సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. స్ప్రింగ్ ఆపాల్సిన బలం ఆర్‌పీఎంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. మీ వేగం పెరిగేది 15 శాతమే కానీ ఆ బలం దాదాపు 33 శాతం పెరుగుతుంది. స్ప్రింగ్ చాలకపోతే వాల్వు క్యామ్‌ని వదిలేసి తేలుతుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. అలా తేలిన వాల్వు ఆలస్యంగా వచ్చి, సీటు మీద దబ్బున పడి ఎగురుతుంది. పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య సందు తక్కువున్న ఇంజిన్లో రెండూ గుద్దుకుంటాయి. ఆ తర్వాత హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) విప్పక తప్పదు. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య సందుని నూనెతో సర్దే భాగాలు) ఇంజిన్లో ఇంకో చిక్కుంది. ఫ్లోట్ అయినప్పుడు వచ్చిన ఖాళీని అవి నూనెతో నింపేసుకుంటాయి. దాంతో వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది.

మరి గట్టి స్ప్రింగ్ వేసేస్తే? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్ప్రింగ్‌కి కూడా సొంత బరువుంది, సొంత ఊగు ఉంది. కొన్ని ఆర్‌పీఎంల దగ్గర చుట్టల్లో అలలు లేచి, ఉన్న బలం కూడా పనికి రాకుండా పోతుంది. రేస్ ఇంజిన్లలో ఒకదానిలో ఒకటి ఇమిడే జంట స్ప్రింగులు, పైకి సన్నబడే స్ప్రింగులు వాడేది అందుకే. బాగా గట్టివి వేస్తే క్యామ్, రాకర్లు (క్యామ్ తోపును వాల్వుకి చేర్చే మీటలు) త్వరగా అరుగుతాయి. క్యామ్ లిఫ్ట్ (వాల్వును తోసే దూరం) ఎక్కువైతే చుట్టలు ఒకదానికొకటి ఆని బిగుసుకుపోతాయి కూడా.

ఈ తలనొప్పి పడలేకే రెనో 1986లో ఫార్ములా వన్ ఇంజిన్లో లోహపు స్ప్రింగ్ తీసేసి, గాలి పీడనంతో వాల్వులు మూయించింది. 2006లో వీ8 ఇంజిన్లు 20,000 ఆర్‌పీఎం ముట్టాయంటే అది ఆ గాలి చలవే. డుకాటీ దారి వేరు. 1950ల నుంచి డెస్మో పద్ధతిలో వాల్వును మూయడానికి కూడా రాకర్ పెట్టింది. అదే డుకాటీ 2020లో మల్టీస్ట్రాడా వీ4కి మాత్రం మామూలు స్ప్రింగులే వేసి, వాల్వ్ చెకప్‌ను 60,000 కిలోమీటర్లకు జరిపింది. పరిమితి దాటించనంత వరకు స్ప్రింగ్ మంచిదే.

నా మాట వింటే ముందు డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద గ్రాఫ్ తీయించండి. మీ ఇంజిన్ పవర్ 6,000 దగ్గరే శిఖరం దాటిపోతుంటే 7,500 దాకా లాగడం వల్ల సౌండ్ తప్ప ఏమీ రాదు. క్యామ్, ఇన్‌టేక్ మార్చినవాళ్లకే ఈ పెంపు అక్కరకొస్తుంది. అప్పుడు కూడా ఆ క్యామ్‌కి సరిపడే స్ప్రింగులు, వాటిని వాల్వుకి పట్టి ఉంచే రిటైనర్లు, లాకులు సెట్‌గా కొనండి. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య సందు చూడటానికి, పిల్లలు ఆడుకునే బంకమట్టిని పిస్టన్ మీద పెట్టి, ఇంజిన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి, నలిగిన మందం కొలిపించండి. నాటుగా ఉంటుంది గానీ నమ్మదగ్గ పద్ధతే. పాత కారంటున్నారు కాబట్టి ఉన్న స్ప్రింగుల బలం కూడా టెస్టర్ మీద చూపించండి. సడలిపోయి ఉంటే 6,500 కూడా వాటికి ఎక్కువే.

ఇంకో సంగతి. లిమిటర్ ఇంధనాన్నో స్పార్క్‌నో ఆపుతుంది, అంతే. నాలుగో గేర్ నుంచి మూడుకి బదులు పొరపాటున ఒకటిలోకి వేస్తే చక్రాలే ఇంజిన్ని తిప్పేస్తాయి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు.

ప్రశ్న: ట్రాక్ మీద తిరిగిన కారు కొనాలనుకుంటున్నా. ఓవర్‌రెవ్ చేశారో (ఇంజిన్‌ని హద్దు దాటి తిప్పారో) లేదో బ్లూటూత్ ఓబీడీ డాంగిల్‌తో (కారు డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టి ఫోన్‌లో చూసే పరికరం) తెలుస్తుందా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: తెలియదు. ఆ డాంగిల్ అప్పటికప్పుడు నడుస్తున్న ఆర్‌పీఎం చూపిస్తుంది తప్ప పాత చరిత్ర చెప్పదు. పోర్షే లాంటి కార్ల ఈసీయూలో ఓవర్‌రెవ్ లెక్క దాగి ఉంటుంది, కానీ దాన్ని చదవడానికి వేరే స్కానర్ కావాలి. మామూలు కారైతే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూడటం) చేయించండి. సిలిండర్లోకి పంపిన గాలి సైలెన్సర్లో నుంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు సరిగా మూసుకోవట్లేదన్నమాట. అలాంటి కారుకి హెడ్ పని ఖర్చు తగ్గించి బేరమాడండి, లేదంటే వదిలేయండి.