జపాన్ వెళ్తున్నాం. అక్కడి స్వీట్ల తయారీ క్లాసు, టీ సెరిమనీ డబ్బు దండగేనా?

దండగ కాదండీ, వెళ్ళండి. కిమోనో అద్దెకి కట్టించి, ఫొటోలవాణ్ణి తోడిచ్చి, గంటలో జపాన్ సంస్కృతి మొత్తం చూపించేస్తామనే ప్యాకేజీలు మాత్రం వద్దు. మా బంధువులావిడ అలా వెళ్ళొచ్చి నాలుగొందల ఫొటోలు పంపింది. ఒక్క దాంట్లోనూ టీ గిన్నె నోటి దగ్గర లేదు.

నా సంగతి చెప్తాను, దాన్నిబట్టి మీరే తేల్చుకోండి. మాది పాలకొల్లు పక్క పల్లె. పెళ్ళయి హైదరాబాదొచ్చి ముప్ఫై ఏడేళ్ళు. పండగంటే మా ఇంట్లో పూర్ణం బూరెలు, ఉగాదికి బొబ్బట్లు. చేసేది నేనే. ఈ చేతులు వేలల్లో పూర్ణం ఉండలు కట్టుంటాయి. మా అమ్మాయికి టోక్యోలో ఉద్యోగం. పోయిన నవంబరులో నన్ను కనజావా తీసుకెళ్తూ, "అమ్మా, అక్కడ వాగాషి చెయ్యడం నేర్పిస్తారు, మనిద్దరి పేర్లూ ఇచ్చాను" అంది. వాగాషి అంటే వాళ్ళ సంప్రదాయపు స్వీట్లు. "నాకు నేర్పడమేంటే!" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అందరూ క్యోటో అంటారు. మీరు కనజావా వెళ్ళండి. క్యోటోలో నేనీ పని చెయ్యలేదు, అయినా కనజావాయే మేలని ఒట్టేసి చెప్తాను. ఆ ఊరిని తరతరాలుగా ఏలిన మాయెదా ప్రభువులు టీ మీదా, లక్క పని మీదా, బంగారు రేకుల మీదా దండిగా ఖర్చు పెట్టారు. టీ పిచ్చి ఉన్న ఊళ్ళో స్వీటు ఉండి తీరాలి కదా. మనం కాకినాడ కాజా, బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకు అన్నట్టు వాళ్ళు స్వీట్లకి క్యోటో, కనజావా, మత్సుయె అని మూడూళ్ళు చెప్తారు. 2015లో షింకాన్సెన్ బుల్లెట్ రైలు వచ్చాక టోక్యో నుంచి రెండున్నర గంటల ప్రయాణం. గొడుగు మర్చిపోకండి. "అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు" అని ఆ ఊళ్ళో సామెతే ఉంది. మేం దిగేసరికి వాన కురుస్తూనే ఉంది.

ఇక క్లాసు. పొడుగాటి బల్లలు, బల్లకి నలుగురం. ఒక్కొక్కరి ముందు ఒక పళ్ళెం. అందులో పసుపు ముద్దలు, చిటికెడంత ఎర్ర ముద్ద, ముదురు రంగు ఉండలు, మూడు పలకల చెక్క పుల్ల, తడి గుడ్డ. నేర్పేది తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన, డెబ్భై ఏళ్ళుంటాయి. ఆయన మాట్లాడుతుండగానే నేను ఉండ చివర చిదిమి నోట్లో వేసుకున్నా. పూర్ణమే! శనగపప్పు బదులు అజుకి అనే ఎర్రటి చిన్న గింజలు, బెల్లం బదులు పంచదార, యాలకులు లేవు. గింజలు ఉడకబెట్టి, జల్లెడ మీద రుద్ది పొట్టు తీసేసి, నీళ్ళలో తేర్చి, గుడ్డలో పిండి, అప్పుడు పంచదారతో దగ్గర పడేదాకా తిప్పుతారు. పైన చుట్టే ముద్ద పేరు నెరికిరి. తెల్ల రాజ్మా లాంటి గింజల పూర్ణంలో, మన చలిమిడికి చుట్టమనిపించే బియ్యప్పిండి పాకం ముద్ద కాస్త కలిపి మెదిపితే అది వస్తుంది.

ఇందులో గుడ్డు లేదు, వెన్న లేదు, పాలు లేవు. మన శాకాహారులు జపాన్ వెళ్ళి ప్రతి సూపులోనూ చేప ఉందేమోనని బిక్కుబిక్కుమంటుంటారు. చాలావాటిలో ఉంటుంది కూడా, వాళ్ళ దాషి రసానికి ఎక్కువగా ఎండు చేపే ఆధారం. అలాంటివాళ్ళకి ఈ స్వీటు కొట్లే దిక్కు. జెల్లీలా మెరిసే యోకాన్‌ని చూసి కూడా భయపడక్కర్లేదు. గట్టిపడేలా చేసేది సముద్రపు నాచు నుంచి తీసిన అగరు, జంతువుల జెలటిన్ కాదు. కస్తెరా కేకు, దొరయాకి మాత్రం గుడ్డు వేసినవి. ఎక్కడికో పోయాను.

పెద్దాయన పసుపు ముద్ద అరచేతిలో వెడల్పు చేసి, దాని మీద ఎర్ర ముద్ద అద్ది, బొటనవేలితో అంచు రాశాడు. పసుపు ఎక్కడ ఆగిందో ఎరుపు ఎక్కడ మొదలైందో కనిపెట్టలేకపోయాం. పండుతున్న ఆకు రంగు వచ్చేసింది. ఆ రంగు కలపడాన్ని బొకాషి అంటారు. తర్వాత లోపల పూర్ణం పెట్టి చుట్టాలి. నేను ఆగుతానా? బొబ్బట్టుకి చుట్టినట్టే మధ్యలో పూర్ణం పెట్టి, అంచులన్నీ సంచి మూతిలా దగ్గరికి లాగి, పైన తోక తుంచి, పళ్ళెంలో పెట్టేశా. అర నిమిషం పట్టలేదు. పక్కనున్న జర్మనీ కుర్రాడు ఇంకా మొదటి ముద్దతో కుస్తీ పడుతున్నాడు. వాడి వంక జాలిగా చూశా కూడా.

పెద్దాయన వచ్చాడు. ఏమీ అనలేదు. నా ఉండ తీసుకుని చెక్క పుల్లతో సగానికి కోసి నా ముందు పెట్టాడు. పైన పొర ఇంత మందం, అడుగున ఉల్లిపొర. పూర్ణం ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. బొబ్బట్టయితే ఏం పర్లేదు, ఎలాగూ వత్తేస్తాం. బూరెకీ పర్లేదు, తోపులో ముంచేస్తాం. ఇక్కడ తప్పు దాచుకోడానికి తోపూ లేదు, నూనే లేదు.

అప్పుడు చేసి చూపించాడు. ఎడమ అరచేతిలో పొర, దాని మీద పూర్ణం. కుడిచేతి వేళ్ళతో పూర్ణాన్ని మెల్లిగా నొక్కుతూ మొత్తాన్ని తిప్పుతున్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. పొర దానంతటదే పక్కల నుంచి పైకి పాకి మూతి మూసుకుంది. లాగడం లేదు, తుంచడం లేదు. ఏదో అన్నాడు. "నువ్వు మూయకు, అదే మూసుకుంటుంది అంటున్నారమ్మా" అంది అమ్మాయి. నాకు ముప్ఫై ఏడేళ్ళ అలవాటు, వేళ్ళు వినవు. రెండోది చిరిగింది. మూడోది పగిలింది. చేతి వేడికి ముద్ద ఆరిపోతోందని, తడి గుడ్డ మీద అరచెయ్యి పెట్టుకుని కాసేపు ఊరుకోమన్నాడు. అందరి ముందూ తడి గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నా, చిన్నప్పుడు బళ్ళో తప్పు చేసినట్టు. నాలుగోది కుదిరింది. పెద్దాయన దాన్ని కొయ్యలేదు. అదే నాకిచ్చిన మార్కు.

దాన్ని నొక్కి, ఆ మూడు పలకల పుల్లతో గీతలు పెడితే మాపుల్ ఆకు కావాలి. నాది తమలపాకైంది. సరే. ఆ స్వీటు పేరు తత్సుత. నారా దగ్గర ఎర్రాకులకి పేరుపడ్డ నది ఒకటుంది, దాని పేరు. ఆకు స్వీటుకి ఆకు పేరు పెట్టరు, నది పేరు పెడతారు. నీళ్ళూ అందులో తేలే ఆకులూ తినేవాళ్ళు ఊహించుకోవాలి. మనం కొబ్బరుండ అంటాం, అందులో కొబ్బరి ఉంటుంది, అక్కడితో అయిపోయింది.

టీ ఇంకో చోట. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది చదవండి. మడమల మీద కూర్చోవాలేమోనని నేను రాత్రంతా భయపడ్డా. తీరా చూస్తే బల్లలు, కుర్చీలు. టూరిస్టుల కోసం చవకగా కానిచ్చేస్తున్నారనుకున్నా. కాదట. 1872లో క్యోటో ప్రదర్శనకి విదేశీయులు వస్తారని ఉరసెంకె టీ సంప్రదాయంలో 11వ తరం గురువు గెంగెన్‌సాయి పెట్టిన పద్ధతే అది. ర్యూరెయి అంటారు. బుక్ చేసేటప్పుడు ఆ మాట అడగండి. క్లాసూ గీసూ వద్దు, కూర్చుని ఓ గిన్నెడు తాగితే చాలనుకుంటే కెన్రొకుఎన్ తోటలో షిగురె-తెయి అని ఉంది, మచ్చాతో, అంటే ఆకుపచ్చ పొడి టీతో, పాటు స్వీటు ఇస్తారు. నవంబరులో వెళ్తే అక్కడి చెట్ల కొమ్మలు మంచు బరువుకి విరక్కుండా గొడుగు ఊచల్లా తాళ్ళు కట్టి ఉంటారు.

స్వీటు ముందు తినాలి, టీ తర్వాత. మన టిఫిను, కాఫీ లాగ ఇదో ముక్క అదో గుక్క కాదు. మడత కాగితం మీద నా తమలపాకు, పక్కన ఓ చెక్క పుల్ల. కోసుకుని తిన్నా. ఆ తీపి నోట్లో ఉండగానే గిన్నె వచ్చింది. రెండు గ్రాముల ఆకుపచ్చ పొడి, వేడి నీళ్ళు, వెదురు చీపురులాంటి చాసెన్‌తో గిలక్కొట్టిన నురగ. పాలు లేవు, పంచదార లేదు. మా వెనక కూర్చున్న మనదేశపాయన పంచదార అడిగాడు, నాకు తల కొట్టేసినట్టయింది. ఆ చేదు ఆ తీపి మీద పడాలి. అంతే దాని కథ. హైదరాబాదు కేఫుల్లో మూడొందల యాభై తీసుకుని పచ్చరంగు పాల ఐసు పోసి మచ్చా అంటున్నారే, వాళ్ళని ఏమనాలి?

గిన్నె ఓహి పనిది. సారె మీద తిప్పకుండా చేత్తో మలిచి, తేనె పాకం రంగు పూత పూస్తారు. 1666 నుంచీ ఆ ఊళ్ళోనే చేస్తున్నారట. గిన్నె ముఖం మన వైపు పెట్టి ఇస్తారు. ఆ ముఖం మీద నోరు పెట్టకుండా కాస్త తిప్పుకుని తాగాలి. చేసిన మనిషి మీద మర్యాద.

మాకు టీ కలిపిచ్చినావిడ నా వయసుదే. అందరికీ ఇచ్చింది, అందరి గిన్నెలూ కడిగింది, తను తాగలేదు. "ఆవిడకి లేదా?" అన్నాను. "చేసేవాళ్ళు తాగరమ్మా" అంది అమ్మాయి. నవ్వొచ్చింది. మా ఇంట్లోనూ అంతేగా. బూరెలు ముందు దేవుడికి, తర్వాత మగవాళ్ళకి, పిల్లలకి, వచ్చినవాళ్ళకి. అడుగున మిగిలిన చితికినది నాకు, అదీ సాయంత్రం నిలబడి, వంటింటి గట్టు దగ్గర. ఇన్నేళ్ళలో నేను చేసిన మిఠాయి మొదటి ముక్క నేనే, కూర్చుని, ఎవరో టీ కలిపిస్తుంటే తినడం ఆ రోజే. మీరడిగినదానికి నా జవాబు ఇదేననుకోండి. మా ఇద్దరికీ మనిషికి రెండు వేల యెన్‌ల లోపే అయింది క్లాసుకి. ఎవరన్నా దండగంటే నేనొప్పుకోను.

అన్నట్టు బంగారు రేకు సంగతి. జపాన్ బంగారు రేకు దాదాపు అంతా కనజావాలోనే కొడతారు, మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. పొద్దున్నే ఓ కొట్లో చాప్‌స్టిక్స్ మీద అంటించే పని చేయించారు. ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది, నాది అమ్మాయి జుట్టుకి అంటుకుంది. చార్మినార్ పక్కన వెండి వరఖ్ కొట్టే సుత్తి చప్పుడు విన్నవాళ్ళకి ఈ విద్య కొత్త కాదు. బంగారు రేకు కప్పిన ఐస్‌క్రీమ్ కూడా అమ్ముతారు. రుచి ఉండదు, తినకండి.

మిగిలిన రెండు ఆకుల్ని చిన్న పెట్టెలో పెట్టిచ్చారు, ఒకటి నాది, ఒకటి అమ్మాయిది. ఏ రోజువి ఆ రోజే తినెయ్యాలి. రాత్రి టోక్యో చేరేసరికి అల్లుడుగారు ఫోను చూసుకుంటూ సోఫాలో ఉన్నారు. పెట్టె తెరిచి, ఇది తత్సుత, నది పేరు బాబూ అని మొదలుపెట్టేలోపు ఆయన నా ఆకు తీసి ఒక్కసారిగా నోట్లో వేసుకున్నారు. "బావుందండీ అత్తయ్యగారూ. సున్నుండంత తీపి లేదు. ఇంకోటుందా?"

లేదన్నాను. అమ్మాయి చేసింది ఫ్రిజ్ వెనకాల దాచి, అందరూ పడుకున్నాక కూర్చుని తిన్నాను.