పాఠకుల ప్రశ్నలు: తాడు లాగే ముందు గోపురం చూడండి

ప్రశ్న: మా సంఘం యువకులం పన్నెండుమందిమి. ఒక శని, ఆదివారాల్లో రాజమండ్రి నుంచి యానాం దాకా పాత చర్చిల గోపురాలెక్కి, ఒప్పుకున్నచోట గంటలు కొట్టాలనుకుంటున్నాం. ఎలా ఏర్పాటు చేసుకోవాలి? (పాలకొల్లు పాఠకుడు)

జవాబు: శనివారం నాలుగు గోపురాలు, ఆదివారం రెండు. అంతకు మించి పెట్టుకుంటే వ్యాన్ ప్రయాణమే మిగులుతుంది. శనివారం రాజమండ్రి, ధవళేశ్వరం చూసుకుని రావులపాలెం, సిద్ధాంతం, మార్టేరు మీదుగా పాలకొల్లు, నరసాపురం చేరండి. ఆదివారం ఉదయం అన్నిచోట్లా ఆరాధనే కాబట్టి మధ్యాహ్నం బయల్దేరి చించినాడ వంతెన దాటండి. రాజోలు, అమలాపురం, ఎదుర్లంక మీదుగా యానాం వస్తుంది. నరసాపురం రేవులో పంటు (నది దాటించే బల్లకట్టు) ఎక్కడం సరదాయే గానీ వరదొస్తే ఆపేస్తారు.

మూడు వారాల ముందే పాస్టరు గారికి, కథోలిక చర్చయితే విచారణ గురువుకు ఉత్తరం రాయండి. అందులో అడగాల్సినవి ఇవి: గంట ఊగేదా, కదలకుండా ఉంటే సుత్తితో కొట్టేదా? చివరిసారి ఎప్పుడు మోగింది? పైకి మెట్లా, నిచ్చెనా? తేనెపట్టు ఉందా? గంట ఉన్నా మైకులో రికార్డు వేసుకునే చర్చిలు తక్కువేం కాదు. ఏళ్ల తరబడి మోగని గంటను చూసి వచ్చేయండి, కొట్టొద్దు.

వేళకాని వేళ గంట వినబడితే ఊళ్లో ఎవరో పోయారనుకుంటారు. ముందురోజే మైకులో చెప్పించి, పది నిమిషాలకు మించకుండా కొట్టండి. కథోలిక చర్చిల్లో పవిత్ర గురువారం పూజలో మహిమ గీతం అయ్యాక ఈస్టర్ జాగరణ దాకా గంట మోగదు. మార్చి పరీక్షల రోజులు కూడా వదిలేయండి. ఉరుములుంటే ఎక్కనే వద్దు.

పైకి ముగ్గురికి మించి వెళ్లకూడదు. వాళ్లు దిగి వచ్చి లెక్క తేలాకే కిందివాళ్లు తాడు ముట్టాలి. పావురాల రెట్టను పొడిగా ఊడ్చకండి, నీళ్లు చల్లి తీయండి. మూతికి గుడ్డ తప్పనిసరి.

ప్రశ్న: ఇంగ్లండులో వరస మార్చి మార్చి గంటలు కొడతారట. మన చర్చిల్లో కుదురుతుందా? (అమలాపురం పాఠకురాలు)

జవాబు: ఒక్క గంటతో కుదరదమ్మా. అక్కడ ఆరో ఎనిమిదో గంటలు, ఒక్కోదానికి ఒక పెద్ద చక్రం, ఒక తాడు, ఒక మనిషి. గంట నోరు పైకి ఉండేలా నిలబెడతారు. లాగినప్పుడల్లా అది ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ నోరు పైకే వచ్చి నిలుస్తుంది. అంత బరువును కావలసినప్పుడల్లా ఆపి కొట్టలేరు కాబట్టి పాట పలకదు. వరస మారినప్పుడు ఒక గంట ఒక్క స్థానమే జరగగలదు. ఆరు గంటలుంటే మొత్తం 720 వేర్వేరు వరసలు, ఏడుంటే 5,040. ఈ రెండోది దాదాపు మూడు గంటల సేపు పట్టే పని. ఎనిమిదుంటే 40,320 వరసలు. 1963లో ఇంగ్లండులోని లఫ్‌బరోలో ఒక బృందం దాదాపు 18 గంటల సేపు ఏకబిగిన కొట్టి వాటిని పూర్తిచేసింది. మన దేశంలో పుణె హోలీ నేమ్ కెథెడ్రల్‌లో ఆ పద్ధతికి అమర్చిన ఎనిమిది గంటలున్నాయి.

మీరు ఆరు చేతిగంటలతో మొదలుపెట్టండి. ముగ్గురు చాలు, మనిషికి రెండు. గంటలకు 1 నుంచి 6 దాకా అంకెలు వేసుకోండి. 123456 కొట్టాక జతలన్నీ తారుమారు చేస్తే 214365. తర్వాత రెండు కొసలూ వదిలి మధ్య జతలు మారిస్తే 241635. ఇలా ఒకసారి అన్నీ, ఒకసారి మధ్యవి మారుస్తూ పోతే పన్నెండో మార్పుకు మళ్లీ 123456 వస్తుంది. రాకపోతే ఎవరో తప్పినట్టే.

ప్రశ్న: మా గంట గొంతు బొంగురుపోయింది. పగిలిందా? వెల్డింగ్ చేయించవచ్చా? (నరసాపురం పాఠకుడు)

జవాబు: పగిలిందని వెంటనే అనుకోకండి. గంటకు తాడుగానీ తేనెపట్టుగానీ తగులుతోందేమో, పైదూలం బోల్టులు వదులయ్యాయేమో చూడండి. సముద్రగాలికి ముందు తినేసేది ఆ ఇనుమునే. అవన్నీ బాగుంటే అంచు చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. ఒకచోట జీరగా పలికితే అక్కడ కిరోసిన్ రాసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి అద్దండి. బీట ఉంటే కాసేపటికి నల్లగీత తేలుతుంది.

అసలు కారణం చాలాసార్లు కొట్టే తీరులోనే ఉంటుంది. తాడును గంట నాలుకకే (లోపల వేలాడుతూ గంటను కొట్టే కడ్డీకే) కట్టి, కదలని గంటకేసి బలంగా లాగి అలాగే పట్టి ఉంచుతారు. మోగుతూ అదరాల్సిన అంచును నాలుక నొక్కిపెట్టేస్తుంది. గంట కంచులో రాగి వందకు 77, 78 పాళ్లు, మిగతాది తగరం. గట్టిదే, కానీ పెళుసు. అరిగిన నాలుక తీసి గట్టి ఉక్కు కడ్డీ బిగించినా చేటే, అది అంచును తినేస్తుంది. నాలుక కంచుకన్నా మెత్తటి ఇనుముదై ఉండాలి. అంచు ఒకేచోట గుంటపడితే గంటను పావు చుట్టు తిప్పి బిగిస్తే కొత్తచోట తగులుతుంది.

బీట తేలితే ఆ రోజు నుంచే కొట్టడం ఆపండి. ఊళ్లో గ్యాస్ వెల్డింగ్ వద్దు. ఒక్కచోటే కాలిస్తే బీట ఇంకా సాగుతుంది. గంట మొత్తాన్ని మెల్లగా వేడిచేసి అతికి, మెల్లగా చల్లార్చగలవాళ్లకే ఇవ్వాలి. పచ్చచిలుము రుద్దకండి, గంటకు రంగు వేయకండి. రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్రరంగు) ఇనుప భాగాలకే.

ప్రశ్న: తాడు నైలాన్‌దా, కొబ్బరి పీచుదా? (రాజోలు పాఠకుడు)

జవాబు: రెండూ వద్దు. నైలాన్ సాగుతుంది, చేతిలో జారుతుంది. పీచుతాడు అరచేయి ఒలిచేస్తుంది. పైభాగం పాలిస్టర్, చేయి పట్టే ఆరడుగులు లావుపాటి నూలు తాడు వేయండి. అంతస్తు రంధ్రం దగ్గరే ముందు తెగుతుంది, అక్కడ నున్నటి చెక్క వలయం బిగించండి. పిల్లలకు ఇచ్చేటప్పుడు తాడును చేతికి చుట్టుకోనివ్వకండి. ఊగే గంట మనిషిని పైకి లేపేస్తుంది.