భార్య కుట్టుమిషన్‌ను ఇచ్చేసే హక్కు మీకెక్కడిది?

నలభై ఆరేళ్ల ఉద్యోగి ఒకరు రాసిన ఉత్తరమిది. కొంతకాలంగా నిరాడంబరంగా, ఎరుకతో బతకడం అలవాటు చేసుకుంటున్నానని, బట్టలూ పరికరాలూ చాలావరకు పంచేశానని, రోజూ తెల్లవారుజామున ధ్యానం చేస్తున్నానని చెబుతూ, భార్యా, కాలేజీలో చదివే కూతురూ తనతో కలిసిరావడం లేదని బాధపడ్డారు. భార్యకు ఆమె తల్లి ఇచ్చిన పాత కుట్టుమిషన్ వాడకంలో లేదని, ఆమె ఊళ్లో లేనప్పుడు తెలిసినవారికి ఇచ్చేశారు. అప్పటినుంచి ఆమె ముభావంగా ఉంటున్నారట. ఇంట్లోవాళ్లలో మార్పు తేవడం ఎలా, ఇంటి చిందరవందర తన ధ్యానాన్ని చెదరగొట్టకుండా ఏ పద్ధతి పాటించాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉన్నా మీకు చెప్పను. మీ ఇంట్లో సరిదిద్దవలసింది మీ భార్యతో మీ నడవడి ఒక్కటే. ఏమేం వదిలించుకున్నారో ఎంతో ఓపికగా వివరించారు, ధ్యానం గురించి పేజీకి పైగా రాశారు, కానీ మిషన్ కనబడని రోజున ఆమె మీతో ఏమన్నారో ఒక్క వాక్యమైనా రాయలేదు. "గొడవ చేసింది, తర్వాత మాటలు తగ్గించింది" అని ముగించేశారు. ప్రతి శ్వాసనూ గమనించడం సాధన చేస్తున్న మనిషికి ఇన్నేళ్లు కలిసి బతికిన భార్య కష్టంలో అన్న మాటలు మనసుకు ఎక్కకపోవడం నన్ను చాలా కలవరపెట్టింది.

అవసరానికి మించి ఏదీ కూడబెట్టుకోకపోవడమనే అపరిగ్రహం గురించి మీరు గొప్పగా రాశారు. యోగశాస్త్రం చెప్పే ఐదు యమాలలో, అంటే నడవడికి పెట్టిన కట్టుబాట్లలో, అది చివరిది. దానికంటే ముందే అహింస, సత్యం, అస్తేయం ఉన్నాయి. తనది కానిదాన్ని తీసుకోకపోవడం అస్తేయం. ఆమె వస్తువును, ఆమె లేనప్పుడు, ఆమెను అడగకుండా ఇంటినుంచి పంపేసి దాన్ని మీ త్యాగాల లెక్కలో రాసుకోవడం ఏ సాధన కిందికీ రాదని నేను గట్టిగా నమ్ముతాను. వాడకంలో లేదన్నది మీ సమర్థన. తల్లి చేతి వస్తువును కూతురు దాచుకునేది కుట్టుకోవడానికేనా?

1901లో గాంధీ దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి బయలుదేరినప్పుడు అక్కడి భారతీయులు ఇచ్చిన కానుకల్లో కస్తూర్బాకు ఇచ్చిన బంగారు హారం కూడా ఉంది. వాటన్నిటినీ ప్రజల కోసం ట్రస్టుకు అప్పగించాలని ఆయన నిశ్చయించారు. కస్తూర్బా కన్నీళ్లతో ఎదిరించారు. నా నగలు ఎప్పుడో తీయించేశారు, నాకిచ్చిన హారంమీద మీకేం హక్కుంది, మీ సేవలో నా చాకిరీ లేదా అని నిలదీశారు. చివరికి ఆమె చేత ఎలాగో ఒప్పించానని రాసుకున్న గాంధీ, ఆమె వాదనను కూడా దాచకుండా రాశారు. అది ప్రజాసేవకు వచ్చిన కానుక కాబట్టి ఆయన నిర్ణయాన్ని నేను తప్పుపట్టను, కానీ ఆమె అడిగిన ప్రశ్నల్లో న్యాయం ఉందనే ఎప్పుడూ అనుకుంటాను. మీరు ఆ ప్రశ్నలు అడిగే అవకాశమే మీ భార్యకు ఇవ్వలేదు.

ఉత్తరం చివర బట్టలుతికే మిషన్‌ను కూడా తీసేద్దామనుకుంటున్నానని రాశారు. బట్టలు ఎవరు ఉతుకుతారో మాత్రం రాయలేదు. ఒకరి నిరాడంబరత వల్ల మరొకరి నడుముమీద పని పెరిగితే అది నిరాడంబరత అనిపించుకోదు. ఆ ఆలోచన మానుకోండి, లేదా ఇంటిల్లిపాది బట్టలూ మీరే ఉతకండి.

ధ్యానం గురించి క్లుప్తంగా చెబుతాను. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ ప్రారంభించిన ధ్యాన శిక్షణకు మొదట్లో వచ్చినవారిలో దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవాళ్లు ఎక్కువ. నొప్పి ఉండగానే దాన్ని విసుక్కోకుండా గమనించడం వాళ్లు నేర్చుకున్నారు. మనసు చెదరడం సాధనకు అడ్డంకి కాదు. చెదిరిందని తెలుసుకుని వెనక్కి తెచ్చుకోవడమే సాధన. హాల్లోని సామాను మీ చూపును లాగితే, లాగిందని గుర్తించి మళ్లీ శ్వాసమీదికి రండి. అంతకుమించిన పద్ధతి మీకు అవసరం లేదు.

మీ అలమర, మీ ఫోను, మీ కొనుగోళ్లు, మీ మాటతీరు మీ ఇష్టం. వాటిలో ఎంత తగ్గించుకున్నా నాకు సంతోషమే. కూతురిని ఈ వ్యవహారంలో మధ్యవర్తిగా వాడుకోకండి. ఈ రోజే మీ భార్య దగ్గర కూర్చుని, అడగకుండా ఇచ్చేయడం తప్పని ఒప్పుకోండి. ఎందుకిచ్చారో వివరించకండి, నిరాడంబరత ఊసెత్తకండి, ఆమె కోపంగా మాట్లాడితే చివరిదాకా వినండి. తర్వాత మిషన్ తీసుకున్నవారి ఇంటికి మీరే వెళ్లి, పొరపాటున ఇచ్చానని చెప్పి తిరిగి అడగండి. వాళ్లకు అవసరమైతే బదులుగా మీ డబ్బుతో మరొకటి కొనిపెట్టండి. అది ఇంటికి తిరిగివచ్చాక ఎక్కడ ఉండాలో ఆమె నిర్ణయిస్తారు. మీరు రోజూ ధ్యానానికి కూర్చునే గదిలోనే పెట్టమంటే అక్కడే పెట్టండి.