బోటు ఇంజన్ రూంలో సీఓటూ సిస్టమ్: ఒక సిలిండర్ చాలుతుందా, పెట్టాక ఏం చూసుకోవాలి?

మీరు అడిగినవి రెండు. కొత్తగా కొన్న స్టీలు బోటు ఇంజన్ రూం 4 మీటర్ల పొడవు, 3.5 వెడల్పు, 2.2 ఎత్తు ఉంది, అక్కడ మంట అంటుకుంటే ఆర్పడానికి 22.5 కిలోల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఒకటి చాలని డీలర్ అంటున్నాడు, చాలుతుందా అన్నది ఒకటి. ఒకసారి బిగిస్తే ఇక చూసుకోనక్కర్లేదని కూడా అన్నాడు, నిజమేనా అన్నది రెండోది. నేను కార్గో షిప్పుల్లో ఇంజనీరుగా పనిచేశాను. ఇప్పుడు విశాఖలో ఈ సిస్టమ్‌లు బిగించడం, సర్వీసు చేయడమే నా పని. రెండో మాట నమ్మకండి. మొదటిది కాగితం మీద సరిపోతుంది, బోటులో సరిపోదు. అయితే ఈ రెండింటికంటే ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ఇంజన్ రూంలో ఎవరైనా పడుకుంటారా?

మన బోట్లలో వాన పడినా, చలి వేసినా ఎవరో ఒక కళాసీ కిందకి దిగి ఇంజన్ పక్కన నడుం వాల్చడం నేను చాలాసార్లు చూశాను. సీఓటూ ఉన్న బోటులో అది కుదరదు. ఈ గ్యాస్ మంటను ఆర్పేది గదిలో ఆక్సిజన్‌ని పలచన చేసి. అందుకోసం గదిలో మూడో వంతుకు పైగా అదే నిండాలి. మనిషికి 10 శాతం దగ్గరే కొన్ని నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. 30 శాతం దాటితే నాలుగు ఊపిరులు కూడా అక్కర్లేదు. అంటే మంటను ఆర్పే మోతాదు, మనిషిని చంపే మోతాదు కంటే చాలా ఎక్కువ. 2019 మే 25న చైనాలోని షాన్‌డాంగ్‌లో, రేవులో ఉన్న ఒక సరుకుల ఓడలో సీఓటూ పొరపాటున విడుదలై 10 మంది చనిపోయారు. అక్కడ మంటే లేదు.

అందుకని కింద ఎవరూ పడుకోరని, దిగేవాళ్లు పైన ఒకరికి చెప్పే దిగుతారని మీరు గట్టిగా అనగలిగితేనే సీఓటూ పెట్టించండి. అనలేకపోతే ఎఫ్‌ఎం 200 లాంటి క్లీన్ ఏజెంట్ (మంటను ఆర్పే వేరే రకం గ్యాస్) వైపు వెళ్లండి. డబ్బు ఎక్కువే అవుతుంది, కానీ అది పది శాతం లోపు మోతాదులోనే మంటను ఆర్పుతుంది, పొరపాటున లోపల ఎవరైనా ఉన్నా బయటపడే అవకాశం ఉంటుంది. ఇంకో సంగతి. వేడి తగలగానే తనంతట తానే గ్యాస్ వదిలే రకం సీఓటూ సిస్టమ్‌ని మనుషులు దిగే గదికి ఎవరు చూపించినా వద్దనండి. వదిలేది మనిషే అయి ఉండాలి, అదీ తలలు లెక్కపెట్టుకున్నాకే.

ఇక లెక్క. మీ గది 30.8 ఘనపు మీటర్లు. సోలాస్ (ఓడల భద్రతపై అంతర్జాతీయ ఒప్పందం) అగ్నిమాపక నియమాలు చేపల బోట్లకు వర్తించవు, అయినా లెక్కకు అందరూ పట్టుకునేది వాటినే. వాటి ప్రకారం గదిలో 40 శాతం, అంటే 12.3 ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. కిలో సీఓటూ 0.56 ఘనపు మీటర్ల గ్యాస్ ఇస్తుంది, కాబట్టి 22 కిలోలు. మీ డీలర్ చెప్పింది ఇక్కడి నుంచే వచ్చింది. కానీ ఈ లెక్క పెద్ద ఓడల ఇంజన్ రూంలని దృష్టిలో పెట్టుకుని వేసింది. గది చిన్నదైన కొద్దీ, సందుల్లోంచి పోయే గ్యాస్ వాటా పెరుగుతుంది. అందుకే అమెరికావాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 12 ప్రమాణంలో మీ సైజు గదికి ఘనపు మీటరుకి కిలో పైన చిల్లర అడుగుతారు. అంటే 31 కిలోలు. నేనైతే రెండు 22.5 కిలోల సిలిండర్లు పెట్టిస్తాను. ఇంజన్, ట్యాంకులు ఆక్రమించిన చోటు తీసేసి లెక్క వేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

గ్యాస్ ఎంత ఉన్నా గది మూసుకోకపోతే వృథా. నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే. సిలిండర్లు కొత్తగా మెరుస్తుంటాయి, పక్కనే వెంటిలేటర్ డ్యాంపర్ (గాలి దారిని మూసే రేకు) ఉప్పు గాలికి తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయి ఉంటుంది. ఒక బోటులో డ్యాంపర్ హ్యాండిల్ బాగానే తిరుగుతోంది, లోపల రేకు మాత్రం ఎప్పుడో ఊడి పడిపోయింది. హ్యాండిల్ తిప్పి చూసి సరిపెట్టుకోకండి, టార్చ్ వేసి రేకు కదులుతోందో లేదో చూడండి. ఇంజన్ ఆగకపోయినా అంతే. నడుస్తున్న డీజిల్ ఇంజన్ గదిలోని గాలితో పాటు మీరు వదిలిన గ్యాస్‌ని కూడా పీల్చి సైలెన్సర్‌లోంచి బయటకి పంపేస్తుంది. కాబట్టి ఇంజన్ ఆపే తాడు, డీజిల్ వాల్వ్ మూసేది, బ్లోయర్ స్విచ్, ఈ మూడూ గది బయటి నుంచి అందాలి. సరంగు (బోటు నడిపేవాడు) చేసే వరుస ఇలా ఉండాలి. ఇంజన్ ఆపడం, డీజిల్ కట్టడం, బ్లోయర్ ఆపడం, అందరూ పైన ఉన్నారా అని పేరుపేరునా పిలవడం, హ్యాచ్, డ్యాంపర్లు మూయడం, ఆ తర్వాతే గ్యాస్. ఈ వరుసని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి గ్యాస్ వదిలే హ్యాండిల్ పక్కనే బిగించండి. బోటులో ఒడియా, తమిళం మాట్లాడేవాళ్లుంటే వాళ్ల భాషలో కూడా.

బిగించేటప్పుడు సిలిండర్లు ఇంజన్ రూంలో పెట్టనివ్వకండి. మంట అక్కడే అంటుకుంటే వాటి దగ్గరికి ఎలా వెళతారు? డెక్ మీద, గాలి ఆడే గదిలో, తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాలి. నిలువుగానే నిలబెట్టాలి, ఎందుకంటే లోపల అడుగు దాకా ఒక గొట్టం ఉంటుంది, దాంట్లోంచే ద్రవం పైకి వస్తుంది. పడుకోబెడితే ద్రవం సరిగా రాదు, గ్యాస్ మెల్లగా వస్తుంది. ఇంజన్ రూంకైతే 85 శాతం గ్యాస్ 2 నిమిషాల్లో లోపలికి చేరాలి. సిలిండర్ల కింద చెక్క పట్టీలు వేయించండి, తడి డెక్ మీద నేరుగా నిలబెడితే ముందు అడుగే తినేస్తుంది. రెండు హ్యాండిళ్లు వేరువేరుగా ఉండాలి, ఒకటి పైపు వాల్వ్ తెరవడానికి, రెండోది సిలిండర్ వదలడానికి. ఆ హ్యాండిళ్లున్న పెట్టె తెరవగానే కింద సైరన్ మోగి, కనీసం 20 సెకన్ల తర్వాతే గ్యాస్ రావాలి. ఇంజన్ మోత మీద ఆ సైరన్ వినిపిస్తోందో లేదో, ఇంజన్ నడుస్తుండగా మీరే కిందకి దిగి పరీక్షించుకోండి. ఆ పరీక్షకి ముందు సిలిండర్ల నుంచి ట్రిగ్గర్ విడదీసి ఉంచాలి, మర్చిపోవద్దు.

మెయింటెనెన్స్‌లో అన్నిటికంటే పెద్ద అపోహ గేజ్ గురించి. సీఓటూ సిలిండర్‌లో సగం పోయినా ప్రెషర్ అంతే చూపిస్తుంది, ఎందుకంటే లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు దాని మీద ఆవిరి ఒత్తిడి వేడిని బట్టే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్ ఉంటుంది. కాబట్టి తూకం ఒక్కటే నమ్మదగ్గది. ఖాళీ బరువు సిలిండర్ భుజం మీద కొట్టి ఉంటుంది, దాన్ని తీసేస్తే మిగిలింది గ్యాస్. పదో వంతుకి మించి తగ్గితే రీఫిల్‌కి పంపాలి.

మన తీరంలో ఇక్కడే ఒక చిక్కుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి సర్వీసులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. మంచిదే. కానీ సీఓటూ 31 డిగ్రీలు దాటితే ద్రవం, ఆవిరి అన్న తేడానే ఉండదు. సిలిండర్ విప్పకుండా అల్ట్రాసోనిక్ మీటర్‌తో లెవెల్ చూస్తామని వచ్చేవాళ్లకి మే నెల మధ్యాహ్నం అసలు లెవెలే దొరకదు. దొరికిందని అంకె రాసి ఇస్తే అది ఊహే. విప్పి కాటా మీద పెట్టమనండి. అదే ఎండలో రేకుల గదిలో ఉన్న సిలిండర్‌లో ఒత్తిడి బాగా పెరుగుతుంది, లీటరుకి 0.67 కిలోకి మించి నింపి ఉంటే సేఫ్టీ డిస్క్ పగిలి గ్యాసంతా బయటికొచ్చేస్తుంది. ఆ గదికి తెల్ల పెయింట్, పైన కాస్త నీడ తప్పనిసరి. విప్పిన సిలిండర్‌ని వాల్వ్ మూతి మీద క్యాప్ లేకుండా ఎవరూ కదపకూడదు. అది పొరపాటున తెరుచుకుంటే సిలిండరే రాకెట్‌లా దూసుకుపోతుంది.

ఇదే సమయంలో నాజిళ్లు (ఇంజన్ రూంలోకి గ్యాస్ వచ్చే పైపుల మూతులు) కూడా చూడండి. కందిరీగలు మట్టి గూళ్లు కట్టి ఉంటాయి, పెయింటర్లు బ్రష్‌తో మూసేసి ఉంటారు. రెండేళ్లకోసారి పైపుల్లోకి పొడి గాలి ఊది ప్రతి నాజిల్‌లోంచి వస్తోందో లేదో చూస్తే చాలు. తాడు లాగే రకమైతే కప్పీలకి గ్రీజు.

గ్యాస్ వదలాల్సి వస్తే, తర్వాత ఓపిక పట్టాలి. సీఓటూ చల్లబరచదు. ఎర్రగా కాలిన మానిఫోల్డ్ (ఇంజన్ పొగ గొట్టం), ఆయిల్‌లో తడిసిన లాగింగ్ (దాని మీద చుట్టిన వేడి ఆపే పొర) లోపల అలాగే ఉంటాయి. ఆత్రంగా హ్యాచ్ ఎత్తితే గాలి తగలగానే మళ్లీ భగ్గుమంటుంది, అప్పుడు వదలడానికి గ్యాస్ మిగిలి ఉండదు. బయటి రేకు మీద చెయ్యి ఆనేంత చల్లబడ్డాక కూడా ఇంకా ఆగండి. దిగేముందు బ్లోయర్ బాగా నడపండి, ఈ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, బిల్జ్‌లో (బోటు అడుగు భాగంలో) నిలిచిపోతుంది. ఆక్సిజన్ మీటర్ ఒక్కటే చూసి దిగొద్దు. గాలిలో 5 శాతం సీఓటూ ఉన్నా ఆక్సిజన్ 19.9 శాతం దాకా చూపిస్తుంది, చాలా మీటర్లు 19.5కి గానీ అరవవు. మనిషికి మాత్రం 4 శాతమే ప్రమాదకరం. సీఓటూ చూపే మీటర్ వేరుగా కావాలి. అది లేకపోతే రేవు చేరి, ఫైర్ సర్వీసువాళ్లు చూసేదాకా ఎవరూ దిగకూడదు.

2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పదుల బోట్లు ఒక్క రాత్రిలో కాలిపోయాయి, అది చూశాకే చాలామంది సీఓటూ గురించి అడుగుతున్నారు. అలాంటి మంటకి ఇది పనికిరాదు. డెక్ మీద, వలల మీద, పక్క బోటు నుంచి వచ్చే మంటకి నీళ్లు, ఫోమ్, బోట్ల మధ్య ఎడం కావాలి. గాలికి సీఓటూ నిలవదు. వంట గ్యాస్ లీకైన వాసన వస్తున్నప్పుడు ముందు జాగ్రత్తగా సీఓటూ వదులుదామని కూడా అనుకోకండి, వేగంగా వచ్చే గ్యాస్‌లో స్టాటిక్ కరెంటు పుట్టి నిప్పురవ్వ రావచ్చు.

చివరిగా రీఫిల్ సంగతి. పెసో (గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉన్న చోటే నింపించండి. పంపేముందు సిలిండర్ నంబరు, ఖాళీ బరువు, హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలాన్ని చూసే పరీక్ష) తేదీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు కొన్నిసార్లు వేరే సిలిండర్ వస్తుంది. అలా వస్తే దాని టెస్ట్ తేదీ చూసి, మీ ముందే తూకం వేయించాకే బిల్లు కట్టండి.