పాత కారు వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయొచ్చా?

1950ల నాటి కారు, ట్రాఫిక్‌లో గేజ్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది, థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు, నిజమేనా అని అడిగారు. కాదు. పీకేయకండి. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టే అది.

ముందు ఒక సంగతి. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్. దాని మీద ఉండే 74, 82, 88 అనే అంకె అది తెరుచుకోవడం మొదలుపెట్టే వేడి, సెల్సియస్ డిగ్రీల్లో. అక్కణ్ణుంచి పది పన్నెండు డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అంటే ఇంజన్ ఎంతకంటే చల్లగా ఉండకూడదో అది చెబుతుంది. ఎంతకంటే వేడెక్కకూడదో చూసుకునేది రేడియేటర్, ఫ్యాన్, పంపు. మీ కారు 105కి పోతోందంటే బాగున్న థర్మోస్టాట్ అప్పటికే బార్లా తెరుచుకుని ఉంటుంది. 82ది తీసి 74ది వేసినా ఆ 105 తగ్గదు.

పీకేస్తే కొన్ని ఇంజన్లు ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి. నీళ్లు రేడియేటర్‌లో మరీ వేగంగా పోవడం వల్ల చల్లబడే టైము చాలడం లేదని దీనికి కారణం చెబుతుంటారు. అది తప్పు. వేగంగా తిరిగే నీళ్లు ఎక్కువ వేడినే మోసుకుపోతాయి. అసలు కారణం బైపాస్. చల్లటి ఇంజన్‌లో నీళ్లు రేడియేటర్‌కి పోకుండా హెడ్ (సిలిండర్ల పైకప్పు) నుంచి తిన్నగా పంపుకి తిరిగొచ్చే దారి అది. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్లలో పాత రకం థర్మోస్టాట్‌కి చుట్టూ ఒక గొట్టంలాంటి స్కర్టు ఉంటుంది. వాల్వ్ తెరుచుకునేటప్పుడు ఆ స్కర్టు కదిలి బైపాస్ దారిని మూసేస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ బ్లాక్‌లోకి, అంటే సిలిండర్లుండే ఇంజన్ దిమ్మలోకి, వెళ్లిపోతుంది. స్కర్టు లేనిది కొని బిగించినా ఇదే గతి. వ్యాసం సరిపోయింది కదా అని ఏదో ఒకటి అంటగట్టే విడిభాగాల అమ్మకందారుల మీద నాకు ఇందుకే కోపం. 54 మిల్లీమీటర్ల బిళ్ల కూర్చుంది, కానీ బైపాస్ మూసేవాడు లేడు! మోరిస్ మైనర్‌లోని ఏ-సిరీస్ ఇంజన్‌కి హెడ్‌కీ పంపుకీ మధ్య వేలెడంత బైపాస్ హోస్ ఉంటుంది. అలాంటి ఇంజన్‌లో థర్మోస్టాట్ తీయక తప్పకపోతే దాని స్థానంలో బైపాస్ దారిని మూసే బ్లాంకింగ్ స్లీవ్ అనే గొట్టం పెట్టాలి, ఖాళీగా వదలకూడదు.

థర్మోస్టాట్ లేక ఇంజన్ 60 డిగ్రీల దగ్గరే నడిస్తే నష్టం మెల్లగా వస్తుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. క్రాంక్‌కేస్‌లోని (ఇంజన్ అడుగు భాగంలోని) నీటి ఆవిరి బయటికి పోక ఆయిల్‌తో కలిసి ఆయిల్ పోసే మూత కింద కాఫీ రంగు మీగడలా కడుతుంది. అది చూసి హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే గాస్కెట్ పోయిందని హెడ్ విప్పేసేవాళ్లు కూడా ఉన్నారు.

పాతదాన్ని పారేసే ముందు పరీక్షించండి. ఒక దారాన్ని వాల్వ్ అంచు కింద ఇరికించి, థర్మోస్టాట్‌ని ఆ దారానికే వేలాడదీసి గిన్నెలోని నీళ్లలో ముంచండి. గిన్నె అడుగుకి తగలకూడదు. పక్కనే థర్మామీటరు పెట్టి సన్నటి మంట మీద కలుపుతూ వేడి చేయండి. వాల్వ్ వెంట్రుకవాసి తెరుచుకోగానే దారం జారి బిళ్ల టప్పున కింద పడుతుంది. ఆ క్షణాన థర్మామీటరులో ఉన్నదే తెరుచుకునే వేడి. రాసిన అంకెకి రెండు మూడు డిగ్రీలు అటూఇటూ ఉంటే మంచిదే. నీళ్లు మరిగేదాకా ఆగి వాల్వ్ ఎంత లేచిందో చూడండి. 7, 8 మిల్లీమీటర్లు లేవాలి. బయటికి తీసి చల్లారాక పూర్తిగా మూసుకోవాలి.

పాత బెలోస్ రకం (మడతల లోహపు డబ్బీ వేడికి సాగి వాల్వ్‌ని తెరిచేది) చిల్లు పడితే తెరుచుకునే ఉండిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు దాని లోపల ఒత్తిడి బయటికంటే తక్కువ, చిల్లు పడితే సాగిపోతుంది మరి. తర్వాత వచ్చిన మైనం రకం (డబ్బీలోని మైనం వేడికి ఉబ్బి వాల్వ్‌ని తెరిచేది) చెడితే ఎక్కువగా మూసుకుపోతుంది, అదే ప్రమాదం. రేడియేటర్‌కున్న 4 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మూత తీసి 13ది పెడితే ఆ ఒత్తిడికి బెలోస్ నలిగి ఆలస్యంగా తెరుచుకుంటుంది. పైగా పాత రేడియేటర్ టంకాలు విడిపోతాయి.

ఫోర్డ్ మోడల్ టీ, ఆస్టిన్ సెవెన్‌లాంటి థర్మోసైఫన్ బళ్ల లెక్క వేరు. చాలావాటికి పంపే లేదు, వేడినీళ్లు పైకి లేచి వాటంతటవే తిరుగుతాయి. వాటికి థర్మోస్టాట్ అక్కర్లేదు. నీటి మట్టం మాత్రం పై గొట్టం నోటికంటే పైన ఉండాలి, లేకపోతే ప్రవాహం తెగిపోతుంది.

ఇక మీ కారు అసలు రోగం. నా అనుమానం మొదట బ్లాక్ మీదే. బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ తిప్పండి. నీళ్లు రాకపోతే లోపల బురద పేరుకున్నట్టు. ట్యాప్ మొత్తం విప్పి గట్టి తీగతో కెలకండి. తుప్పు, పోత ఇసుక కలిసిన గోధుమరంగు ముద్ద ఊడిపడుతుంది. ఎక్కువగా వెనక సిలిండర్ చుట్టూ చేరుతుంది, అక్కడే హెడ్ పగుళ్లు కూడా వస్తాయి. థర్మోస్టాట్ తీసి పైనుంచి నీటిపైపు పెట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. రేడియేటర్‌ని విడిగా, కింది నుంచి పైకి కడగాలి.

తర్వాత ఇంజన్ వేడెక్కాక ఆపి, ఫ్యాన్‌కి దూరంగా ఉండి రేడియేటర్ ముందువైపు అరచేత్తో తడమండి. చల్లగా తగిలిన చోట గొట్టాలు మూసుకుపోయాయి. ఇంజన్ వేగం పెంచినప్పుడు కింది హోస్ లోపలికి నొక్కుకుపోతోందేమో చూడండి, లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి పోయి ఉంటుంది. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోయినా, అంటే స్పార్క్ ఆలస్యంగా పడినా, ఇంజన్ కాగిపోతుంది. ఇవేవీ చూడకుండా ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించమనేవాళ్ల మాట వినకండి.

బిగించేటప్పుడు మైనపు డబ్బీ ఇంజన్ వైపు, గాలి పోయే చిన్న పిన్ను పైవైపు ఉండాలి. పిన్ను లేకపోతే అంచులో 3 మిల్లీమీటర్ల చిల్లు వేయండి, లేకుంటే కింద గాలి చిక్కుకుంటుంది. థర్మోస్టాట్ మీది మూత నట్లు తుప్పుకి పట్టేసి ఉంటే బలవంతం చేయొద్దు, అల్యూమినియం చెవులు విరుగుతాయి. హీటర్ ట్యాప్ తెరిచి, చల్లటి ఇంజన్‌లో మెల్లగా నీళ్లు పోసి, రేడియేటర్ మూత పెట్టకుండా స్టార్ట్ చేయండి. పై హోస్ ఒక్కసారిగా వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. అప్పుడు ఇంజన్ ఆపి, చల్లారాక నీటి మట్టం రేడియేటర్ మూతికంటే రెండున్నర సెంటీమీటర్లు కిందికి ఉంచండి. అంచు దాకా నింపితే ఇంజన్ ఆపిన కాసేపటికి లోపలి వేడికి నీళ్లు ఉబ్బి కొంచెం బయటికి పోతాయి. దాన్ని చూసి కారు మళ్లీ కాగుతోందని థర్మోస్టాట్ మీద చెయ్యి వేయకండి.